ఏర్పాటు సిద్ధాంతం నమ్మిన తమ్ముడితో ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చా?

పలాస నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడ సంస్కరణ సిద్ధాంతం (కాల్వినిజం) బోధించే ఒక సంఘానికి వెళ్తున్నాడు. రక్షణ పొందేవాళ్లను దేవుడే ముందుగా ఎన్నుకున్నాడని ఆ సంఘం నమ్ముతుంది, దాన్నే ఏర్పాటు అంటారు. క్రిస్మస్‌కి ఇంటికి వచ్చి, పుట్టి పెరిగిన బాప్టిస్టు సంఘంలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకోనన్నాడు. "ఇక్కడ కృప లేదు, మనిషి నిర్ణయమే ఉంది" అన్నాడు. 1988లో ఒక సువార్త కన్వెన్షన్‌లో చేయెత్తి రక్షణ పొందానని చెప్పుకునే తల్లితో "అది రక్షణ కాదమ్మా" అన్నాడు. ఆవిడ అప్పటినుంచి రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. సంఘ పెద్దలేమో కాల్వినిజం దుర్బోధ అని, అతని పేరు సభ్యత్వ పుస్తకంలోంచి కొట్టేస్తామని అంటున్నారు. ఇందులో ఎవరిది తప్పు, మేము ఎవరి పక్షాన ఉండాలి అని సోదరి అడుగుతున్నారు.

అమ్మా, వందనాలు. నేను టెక్కలి, నరసన్నపేట వైపు ముప్పై ఏళ్లకు పైగా యౌవనుల బైబిల్ స్టడీలు నడిపాను. మీ ఇంట్లో జరుగుతున్నది మా ఇంట్లో జరిగింది. మీ తమ్ముడి స్థానంలో ఒకప్పుడు నేనున్నాను. ఆ సంగతి కిందికి వచ్చాక చెప్తాను. ముందు మీ అమ్మగారి సంగతి చూద్దాం, ఎందుకంటే సిద్ధాంతం ఆగుతుంది గానీ ఆవిడ నిద్ర ఆగదు.

పదహారో శతాబ్దపు సంస్కర్త జాన్ కాల్విన్ అనుచరులు ఏర్పాటు గురించి తమ నమ్మకాన్ని అధికారికంగా రాసిపెట్టుకున్నది హాలండ్‌లోని డోర్ట్ అనే ఊళ్లో. 1618 నవంబరు నుంచి 1619 మే దాకా అక్కడ సభ జరిగింది. ఇప్పుడు "ఐదు అంశాలు" అని మన యువకులు చెప్పుకునేవి, అంటే సంపూర్ణ పతనం, షరతు లేని ఏర్పాటు, పరిమిత ప్రాయశ్చిత్తం, ఎదిరించలేని కృప, పరిశుద్ధులు చివరిదాకా నిలవడం, ఆ సభ తీర్మానాల నుంచే వచ్చాయి. నేను ఏర్పరచబడ్డానో లేదో ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్నకు ఆ తీర్మానాల్లోనే జవాబుంది. దేవుని రహస్యాలను కుతూహలంతో తవ్వి తెలుసుకునేది కాదు ఇది అని అందులో రాశారు. క్రీస్తు మీద నిజమైన విశ్వాసం, బిడ్డకు తండ్రి మీద ఉండే లాంటి భయభక్తులు, పాపం గురించి దుఃఖం, నీతి కోసం ఆకలిదప్పులు, వీటిని తనలో చూసుకుని మనిషి ధైర్యం తెచ్చుకోవాలని రాశారు. ఇవి తమలో ఇంకా బలంగా కనబడని వాళ్లు కూడా, ఏర్పాటు అన్న మాట వినగానే హడలిపోనక్కర్లేదని, వాక్యం, ప్రార్థన, సహవాసం విడవకుండా కనిపెట్టుకుని ఉండాలని కూడా రాశారు.

మీ తమ్ముడిని ఆ భాగం ఒకసారి అమ్మ పక్కన కూర్చుని చదివి వినిపించమనండి. 1988లో చేయెత్తిన రాత్రిని పట్టుకుని ఆమెను కొలవడం కాల్విన్ వాదం కాదు. ఆ రాత్రి తర్వాత ఇన్నేళ్లు ఆమె ఎలా బతికింది, ఎవరి పేరు పిలిచింది, పాపం చేసినప్పుడు ఏడ్చిందా లేదా, అదీ చూడమంటున్నది అతను నమ్మే పత్రమే. చేయెత్తడం మనిషిని రక్షించదు అన్నంతవరకు అతను చెప్పింది నిజం. మన కన్వెన్షన్లలో చేతులు లెక్కపెట్టి "ఇంతమంది రక్షణ పొందారు" అని మైకులో చెప్పే అలవాటు నాకూ బాధగానే ఉంటుంది. కానీ చేయెత్తిన మనిషిని దేవుడు రక్షించలేదు అనే హక్కు అతనికి ఎవరిచ్చారు? "నాయొద్దకు వచ్చువానిని నేనెంతమాత్రమును బయటికి త్రోసివేయను" అన్న మాట యోహాను సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. అదే వచనం మొదటి సగంలో "తండ్రి నాకు అనుగ్రహించువారందరును నాయొద్దకు వత్తురు" అని ఉంది. కాల్విన్ వాదులు మొదటి సగాన్ని పట్టుకుంటారు, మిగిలినవాళ్లు రెండో సగాన్ని పట్టుకుంటారు. ప్రభువు రెండూ ఒకే ఊపిరిలో చెప్పాడు. మీ అమ్మగారు ఆయన దగ్గరకు వచ్చారు. ఇక ఆమె భయపడాల్సిన పని లేదు.

ఇప్పుడు మీ సంఘ పెద్దల మాట. కాల్వినిజం దుర్బోధ అంటున్నారు. ఈ మాట అనేముందు వాళ్లు తమ ఇంటి చరిత్ర తెలుసుకోవాలి. పెద్దల మీద గౌరవంతోనే చెప్తున్నాను.

మన ఉత్తరాంధ్రకు 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు విశాఖపట్నం వచ్చారు. జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ అనే ఇద్దరు. ఆ సొసైటీ 1796లోనే ఒక మూల నియమం పెట్టుకుంది. ప్రెస్బిటేరియన్ పద్ధతినో, ఎపిస్కోపల్ పద్ధతినో, ఇంకో సంఘ పరిపాలన విధానాన్నో అన్యజనుల దగ్గరకు మోసుకుపోకూడదు, సువార్తను మాత్రమే తీసుకెళ్లాలి అని. సొసైటీని పెట్టినవాళ్లలో ఎక్కువమంది కాల్విన్ బోధను ఎరిగినవాళ్లే. డిగ్రాంజెస్ తెలుగులోకి తెచ్చిన మొదటి మూడు సువార్తలు ఆయన చనిపోయాక 1812లో అచ్చయ్యాయి. అచ్చు వేసింది ఎవరనుకున్నారు? బెంగాల్‌లోని సెరంపూర్‌లో మిషనరీ విలియం కేరీ బృందం. కేరీ బాప్టిస్టు, డిగ్రాంజెస్ బాప్టిస్టు కాదు. బాప్తిస్మం విషయంలో ఒకరి పద్ధతి ఇంకొకరికి ఒప్పుదల కాదు. అయినా తెలుగులో సువార్త అచ్చులోకి వచ్చింది ఆ రెండు చేతుల మీదుగానే.

కేరీ సంగతి ఇంకా ఉంది. ఆయన వచ్చిన బాప్టిస్టు శాఖకు పర్టిక్యులర్ బాప్టిస్టులు అని పేరు, అంటే ఏర్పాటును నమ్మే బాప్టిస్టులు. 18వ శతాబ్దంలో ఆ శాఖలో కొందరు ఒక చోట ఇరుక్కుపోయారు. దేవుడు ఏర్పరచుకున్నవాళ్లు ఎలాగూ రక్షణ పొందుతారు కదా, కాబట్టి అందరినీ "రండి, నమ్మండి" అని పిలవకూడదు అనేదాకా వెళ్లారు. ఆండ్రూ ఫుల్లర్ అనే కాపరి 1785లో దాన్ని ఖండిస్తూ రాశాడు. సువార్త వినే ప్రతి మనిషికీ నమ్మవలసిన బాధ్యత ఉంది, పిలవవలసిన బాధ్యత మనకుంది అన్నాడు. ఏర్పాటును ఆయన వదల్లేదు. పిలుపునూ వదల్లేదు. 1792లో ఇంగ్లండ్‌లోని కెట్టరింగ్‌లో కేరీ, ఫుల్లర్, వాళ్ల స్నేహితులు కలిసి మిషన్ సొసైటీ పెట్టారు. మరుసటి ఏడు కేరీ బెంగాల్ చేరాడు. కాబట్టి కాల్వినిజం నమ్మితే సువార్త చెప్పడం ఆగిపోతుంది అని పెద్దలు అంటే, కేరీని చూపించండి. అందరికీ సువార్త చెప్పనక్కర్లేదు అని మీ తమ్ముడు ఎప్పుడైనా అంటే, ఫుల్లర్‌ని చూపించండి. వాగ్దానాన్ని భేదం లేకుండా అందరికీ ప్రకటించాలని డోర్ట్ తీర్మానాల్లోనూ ఉంది.

ఇక మన బాప్టిస్టు సంఘాలకు పునాది వేసినవాళ్లు. కెనడా తూర్పు తీర రాష్ట్రాల బాప్టిస్టులు 1875లో భీమిలి వచ్చారు. ఆ తర్వాత శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం. పంపిన సంఘాలు రెగ్యులర్ బాప్టిస్టులవి, కాల్విన్ బోధ వారసత్వంగా ఉన్నవి. అదే ప్రాంతంలో ఫ్రీ బాప్టిస్టులని వేరే శాఖ ఉండేది, మనిషి స్వచిత్తాన్ని గట్టిగా నొక్కి చెప్పేవాళ్లు. తరాల తరబడి వేరుగా ఉన్న ఆ రెండు శాఖలూ 1905-06లో కలిసి ఒకటే సమాఖ్య అయ్యాయి. అంటే మనకు సువార్త తెచ్చిన సంఘాలు ఈ గొడవను తమ ఇంట్లో చూసి, ఒకే కప్పు కింద ఉండవచ్చని తేల్చుకున్నాయి. నూరేళ్లు దాటిన తర్వాత పలాసలో దాన్ని మళ్లీ దుర్బోధ అని కొట్టేస్తే, మనల్ని కన్నవాళ్ల పేర్లు కూడా ఆ పుస్తకంలోంచి కొట్టేయాలి.

మీ తమ్ముడికి కూడా ఇంత గట్టిగానే చెప్పాలి. అర్మీనియన్లకు, అంటే కాల్విన్ వాదాన్ని ఒప్పుకోని అర్మీనియస్ అనే డచ్ బోధకుడి దారిలో ఉన్నవాళ్లకు, కృప లేదు, వాళ్లది మనిషి మతం అనే మాట అబద్ధం. అర్మీనియస్ 1609లో చనిపోయాక ఆయన అనుచరులు 1610లో ఐదు మాటలతో ఒక విన్నపం ఇచ్చారు. అందులో మూడో మాట ఏమిటంటే, మనిషి తన స్వచిత్తం బలంతో రక్షించే విశ్వాసాన్ని తనలో పుట్టించుకోలేడు, దేవుడే పరిశుద్ధాత్మ ద్వారా అతన్ని తిరిగి జన్మింపజేయాలి. నాలుగో మాట, మంచి పని మొదలు కావాలన్నా, కొనసాగాలన్నా, ముగియాలన్నా కృప ఉండాలి, అయితే ఆ కృపను మనిషి ఎదిరించగలడు. భేదం ఆ చివరి ముక్కలో ఉంది. కృప అవసరమా కాదా అన్న చోట లేదు. కృప లేకుండా మనిషి తనంతట తాను నీతిమంతుడు కాగలడన్నది పెలగియస్ బోధ. దాన్ని 418లో కార్తేజ్ సభలోనే సంఘం కొట్టేసింది. మీ పాస్టర్ గారు పెలగియస్ కాదు. ఆయన ప్రార్థన వింటే తెలుస్తుంది.

ప్రార్థన అన్నాను కాబట్టి ఒక మాట. నేను చాలా ఏళ్లు ఇది గమనించాను. మన పల్లెల్లో కుటుంబ ప్రార్థనకు వెళ్లండి. వాక్యం చెప్పేటప్పుడు "నీ ఇష్టం, నువ్వే నిర్ణయించుకో" అన్న బోధకుడే మోకాళ్ల మీద పడ్డాక "ఈ బిడ్డ రాతి గుండెను నువ్వే మార్చు తండ్రీ" అంటాడు. తాగుబోతు భర్త కోసం ఏడ్చే తల్లి "ఆయనకి స్వేచ్ఛ ఇచ్చి ఊరుకో ప్రభువా" అని ఎప్పుడూ అడగలేదు. "నువ్వే లాక్కురా యేసయ్యా" అంటుంది. అదే విధంగా, ఏర్పాటు మీద గంటసేపు పాఠం చెప్పే సహోదరుడు ఆస్పత్రిలో చావుబతుకుల్లో ఉన్న మేనమామ మంచం పక్కన నిలబడి "మావయ్యా, ఇప్పుడైనా నమ్ము" అని బతిమాలుతాడు. బతిమాలకుండా ఉండలేడు. ఉండకూడదు కూడా.

1780లలో ఇంగ్లండ్‌లో చార్లెస్ సిమియన్ అనే యువ బోధకుడు, ఎనభై దాటిన జాన్ వెస్లీని కలిశాడు. సిమియన్ కాల్విన్ పక్షం, వెస్లీ అర్మీనియన్ల నాయకుడు. మనం కత్తులు దూయాల్సినవాళ్లం కదా, దానికి ముందు కొన్ని ప్రశ్నలు అడగనిస్తారా అన్నాడు సిమియన్. దేవుడు ముందుగా మీ హృదయంలో పెట్టకపోతే ఆయన వైపు తిరగాలన్న తలంపే మీకు వచ్చేదా? రాదు అన్నాడు పెద్దాయన. క్రియల వల్ల కాదు, క్రీస్తు రక్తం వల్లే రక్షణ కోసం చూస్తున్నారా? అవును, క్రీస్తు వల్లే. మొదట ఆయన రక్షించినా తర్వాత మీరే మీ క్రియలతో నిలబెట్టుకోవాలా? కాదు, మొదటినుంచి చివరిదాకా ఆయనే. తల్లి చేతుల్లో పసిబిడ్డలాగా గడియ గడియకూ ఆయనే మోయాలా? అవును, పూర్తిగా. అయితే నా కత్తి ఒరలో పెట్టేస్తున్నాను, నా కాల్వినిజం అంతా ఇదే అన్నాడు సిమియన్. మీ తమ్ముడు మీ పాస్టర్ గారి ఇంటికి వెళ్లి ఇవే ప్రశ్నలు మర్యాదగా అడగాలి. యూట్యూబ్‌లో ఆయన ప్రసంగంలోంచి ఒక ముక్క చూసి తీర్పు తీర్చకూడదు.

వెస్లీకి, కాల్విన్ పక్షంవాడైన సాటి బోధకుడు జార్జ్ విట్‌ఫీల్డ్‌కి కూడా దీని మీదే చెడింది. 1739లో వెస్లీ ఏర్పాటుకు వ్యతిరేకంగా ప్రసంగించి అచ్చు వేయించాడు. విట్‌ఫీల్డ్ జవాబు రాశాడు. 1741కి ఇద్దరి దారులూ వేరయ్యాయి. తర్వాత మాటలు కలిశాయి, సిద్ధాంతంలో మాత్రం ఎవరూ మెట్టు దిగలేదు. 1770లో విట్‌ఫీల్డ్ అమెరికాలో చనిపోయినప్పుడు, లండన్‌లో ఆయన జ్ఞాపకార్థ ప్రసంగం చేసింది వెస్లీయే. విట్‌ఫీల్డ్ కోరిక కూడా అదే. దీన్ని తీపి కథగా చెప్పి వదలను. ఆ ఏడే రెండు పక్షాల అనుచరుల మధ్య మళ్లీ ఘోరమైన వాగ్వాదం లేచి చాలా ఏళ్లు నడిచింది. నాయకులు సర్దుకున్నా వెనకున్నవాళ్లు సర్దుకోరు. మన దగ్గరా అంతే.

ఇంకా ఘోరం డోర్ట్‌లో జరిగింది. సభ ముగిశాక సుమారు 200 మంది అర్మీనియన్ కాపరులు పదవులు పోగొట్టుకున్నారు, కొందరిని దేశం నుంచి వెళ్లగొట్టారు. వాళ్లకు అండగా నిలిచిన ముసలి రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్‌కు 1619 మేలో తల తీశారు. రాజకీయ కారణాలు చాలా ఉన్నాయి, నిజమే. కానీ కృప అనే మాట మీద మొదలైన వాదం కత్తి దాకా పోయింది. డోర్ట్ తీర్మానాల్ని ప్రేమించే నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అవును, నేను ఏర్పాటును నమ్ముతాను. ఎఫెసీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం, రోమా తొమ్మిదో అధ్యాయం చదివాక నాకు ఇంకో దారి కనబడలేదు. ఇది దాచి మీకు సలహా ఇవ్వడం న్యాయం కాదు.

నేను చేసిన తప్పు ఇప్పుడు చెప్తాను. 1990లలో, ముప్పై ఏళ్ల వయసులో, ఈ బోధ నాకు కొత్తగా తెలిసింది. ఎంత ఆనందం వేసిందంటే, నా రక్షణ నా చేతుల్లో లేదు, దేవుని చేతుల్లో ఉంది అని రాత్రంతా ఏడ్చాను. ఆరు నెలలు తిరక్కముందే ఆ ఆనందం కత్తిలా మారింది. మా సంఘంలో ప్రతి బైబిల్ స్టడీలో పాస్టర్ గారిని ప్రశ్నలతో నిలదీసేవాణ్ణి. చివరికి పదకొండు కుటుంబాలు నాతో బయటికి వచ్చాయి. వేరే ఇంట్లో రొట్టె విరవడం మొదలుపెట్టాం. నాకు చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పెట్టించిన ఒక పెద్దావిడ పాత సంఘంలోనే ఉండిపోయింది. దారిలో ఎదురైతే నేను తల తిప్పుకునేవాణ్ణి. ఆవిడ రెండేళ్ల తర్వాత పోయింది. సమాధి కార్యక్రమానికి వెళ్లి వెనక నిలబడ్డాను. ఆవిడ బైబిల్లో ప్రార్థన చీటీ ఉందని కూతురు తీసి నా చేతిలో పెట్టింది. పేర్ల వరుసలో మొదటి పేరు నాది. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అర్హత లేని కృప గురించి గొప్పగా బోధించిన నేను, ఒక ముసలావిడకు నమస్కారం పెట్టడానికి కూడా ఆమె సిద్ధాంతంలో అర్హత వెతికాను.

అంతియొకయలో పేతురు చేసిందీ ఇదే. గలతీ రెండో అధ్యాయంలో ఉంది. సువార్త విషయంలో పేతురు బోధ తప్పు కాదు. అన్యజనులతో కలిసి భోంచేస్తున్నవాడు, యాకోబు దగ్గరనుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గి వేరే కూర్చున్నాడు. పౌలు అందరి ఎదుటా అతన్ని నిలదీశాడు. బల్ల దగ్గరనుంచి లేచిపోవడం వల్లే అతను సువార్త సత్యానికి తగినట్టు నడవలేదని పౌలు రాశాడు. బోధ సరిగ్గా ఉన్నా, బల్ల దగ్గర తప్పవచ్చన్నమాట.

మరి సహవాసానికి హద్దే లేదా అంటే ఉంది. క్రీస్తుతో పాటు ఇంకొకటి ఉంటేనే రక్షణ అని చెప్పేవాణ్ణి గలతీ మొదటి అధ్యాయం శాపగ్రస్తుడంది. క్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోనివాణ్ణి ఇంట్లో చేర్చుకోవద్దని యోహాను రెండో పత్రికలో ఉంది. మారుమనస్సు లేకుండా బహిరంగ పాపంలో బతికేవాడితో భోజనం కూడా వద్దని మొదటి కొరింథీ ఐదో అధ్యాయంలో ఉంది. ఈ హద్దులు మన సంఘాలు నిజంగా పాటిస్తున్నాయా? ఏర్పాటు నమ్మిన కుర్రాడి పేరు కొట్టేస్తాం. కానుక వేస్తేనే ఆశీర్వాదం, నూనె సీసా కొంటేనే స్వస్థత అని చెప్పేవాణ్ణి పిలిచి మూడు రోజుల సభలకు పందిరి వేస్తాం. కృపను వెలకట్టి అమ్మేవాడు గలతీ హద్దుకు ఎంత దగ్గరలో ఉన్నాడో పెద్దలు ఆలోచించాలి.

పత్రికల్లో ఇంకో హద్దు ఉంది. భేదాలు పుట్టించేవాణ్ణి ఒకటి రెండుసార్లు బుద్ధి చెప్పి వదిలేయమని తీతు మూడో అధ్యాయం. దీన్ని పెద్దలు మీ తమ్ముడి మీద ప్రయోగిస్తారు. ఏర్పాటును నమ్మితే అతను భేదాలు పుట్టించేవాడు కాడు. ఏర్పాటు నమ్మినవాళ్లే రక్షణ పొందినవాళ్లు అని చెప్తే మాత్రం అవుతాడు. అవతలి పక్షానికీ ఇదే కొలత. మూడో యోహానులో దియొత్రెఫే సహోదరులను చేర్చుకోలేదు, చేర్చుకునేవాళ్లను కూడా సంఘంలోనుంచి వెలివేశాడు. అతను సంఘంలో ప్రధానత్వం కోరినవాడు.

ఇప్పుడు చేయాల్సింది. సంఘ పెద్దలు నాలుగు సంగతుల్ని ఒకే మూటగా కట్టేస్తున్నారు. ప్రభువు బల్ల వేరు, సభ్యత్వం వేరు, బోధించే పని వేరు, పెళ్లి సంబంధాలు వేరు. మీ తమ్ముడికి సండే స్కూలో యౌవనుల కూటమో ఇప్పుడే ఇవ్వకపోతే అందులో అన్యాయం లేదు. ఒక సంఘం తన బోధను కాపాడుకోవచ్చు. కానీ బోధించనివ్వకపోవడానికి, బల్ల దగ్గర కూర్చోనివ్వకపోవడానికి చాలా దూరం ఉంది. బల్ల మీ సంఘానిదీ కాదు, హైదరాబాద్ సంఘానిదీ కాదు. నీటి బాప్తిస్మంలో భేదం కూడా బల్ల దగ్గర అడ్డు కాకూడదని ఇంగ్లండ్ బోధకుడు జాన్ బన్యన్ 1673లో సాటి బాప్టిస్టులతో వాదించాడు. చాలామంది ఒప్పుకోలేదు. నేను ఆయన పక్షమే. మన జిల్లాలో చాలా బాప్టిస్టు సంఘాలు ముంచే బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే బల్ల ఇస్తాయి, దాన్ని నేను గౌరవిస్తాను. అయినా మీ తమ్ముడు ఆ షరతు కూడా దాటినవాడే. ఇక ఏ కారణంతో ఆపుతారు?

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ పలాస, వజ్రపుకొత్తూరు వైపు తాకినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ వారం మా వైపు నుంచి బాప్టిస్టులు, పెంతెకొస్తువాళ్లు, బ్రదరెన్ అసెంబ్లీవాళ్లు ఒకే వ్యాన్‌లో బియ్యం, టార్పాలిన్లు వేసుకుని వెళ్లాం. రాత్రి ఒక కూలిన పాక దగ్గర అందరం కలిసి ప్రార్థన చేశాం. ఎవరిది ఏ సిద్ధాంతమో ఎవరూ అడగలేదు. ఆ ఇంటి పెద్దాయన మాత్రం "ఏటి బాబూ, మీరంతా ఒకే సంఘమా?" అని అడిగాడు. మాలో ఎవరికీ వెంటనే జవాబు రాలేదు.

మీరు ఎవరి పక్షాన ఉండాలని అడిగారు. సంక్రాంతికి తమ్ముడు మళ్లీ వస్తాడు కదా. అతను వచ్చేలోపు పెద్దలు పేరు కొట్టేయకుండా పాస్టర్ గారితో మీరు విడిగా మాట్లాడండి, కోపంగా కాదు, అమ్మను వెంటబెట్టుకుని. ఆవిడ నిద్ర సంగతి ఆయనకు చెప్పండి. తమ్ముడు రాగానే సిద్ధాంతం మాట ఎత్తకండి. రోమా పధ్నాలుగో అధ్యాయం, పదిహేనులో ఏడో వచనం దాకా, కుటుంబ ప్రార్థనలో అతని చేతే చదివించండి. "క్రీస్తు మిమ్మును చేర్చుకొనిన ప్రకారము" అన్న చోట కాసేపు ఆగమనండి. తర్వాత అమ్మను ప్రార్థన చేయమనండి. ఆవిడ ఏమని ప్రార్థిస్తుందో అతన్ని వినమనండి. అతనికి ఇష్టమైతే నా దగ్గరకు తీసుకురండి, టెక్కలి బస్సెక్కితే గంట దారి కూడా లేదు. ఆ చీటీ అతనికి చూపిస్తాను.